వ్యానమ్మ పేరు మీద అప్పు

"ఎవరికిచ్చావో చెప్పు! నా కళ్లుగప్పి అంత అప్పు తెచ్చి ఎవరి చేతుల్లో పోశావో ఇప్పుడే, ఇక్కడే చెప్పు!"

భర్త అరుపుకి పక్క వాటా వాళ్ల కిటికీ రెక్క మెల్లగా తెరుచుకుంది. ఆమెకి తల కొట్టేసినట్టయింది. బ్యాంకు నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి, వ్యాను తాళాలు గుప్పిట్లో నలుపుకుంటూ, "నేను తేలేదండీ... నాకేమీ తెలియదండీ..." అన్న రెండు ముక్కలే పట్టుకుని ఏడుస్తోంది. ఇంకేం చెబుతుంది పాపం! పక్కింట్లో చేబదులు అడగాలంటేనే నాలుక పిడచకట్టుకుపోయే మనిషి. అలాంటి మనిషి పేరు మీద తొమ్మిదేళ్ల కిందట ఏదో యంత్రం కొనడానికి అప్పు తీసుకున్నట్టు, కొన్ని వాయిదాలు కట్టి ఆ తర్వాత ఎగ్గొట్టినట్టు, అది వడ్డీ మీద వడ్డీ పెరిగి కూర్చున్నట్టు బ్యాంకు కంప్యూటర్లో ఉందట! "మీ క్రెడిట్ రిపోర్టు బాగాలేదండీ, మీకు కొత్త అప్పు ఇవ్వడం కుదరదు" అని ఎంత తేలిగ్గా చెప్పి పంపేశారో!

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బడిపిల్లల్ని వ్యానులో దింపుతుంది గనక పిల్లలు "వ్యానమ్మ" అన్నారు, పెద్దవాళ్లకీ అదే అలవాటైపోయింది. ఏ పిల్ల ఏ మలుపు దగ్గర కడుపులో తిప్పుతోందంటుందో, ఏ పిల్లాడు రోజూ నీళ్ల సీసా సీటు కింద వదిలేస్తాడో, ఎవరి తల్లి గేటు దగ్గర ఆలస్యం చేస్తుందో అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. భర్తది లేత్ మిషను మీద పని. నెలలో సగం రోజులు ఫ్యాక్టరీకి పనుంటే సగం రోజులు ఉండదు. ఇల్లు గడిచేదీ, కూతురు కాలేజీ చదివేదీ ఆ వ్యాను మీదే! ఇప్పుడు ఆ వ్యానుకే గండం వచ్చింది. వచ్చే ఏడాది నుంచి పాత వ్యాన్లను గేటు లోపలికి రానివ్వమని బడివాళ్లు తేల్చి చెప్పేశారు. సెలవులు అయ్యేలోగా కొత్త వ్యాను తెచ్చుకుంటే పిల్లలు ఆమెకే ఉంటారు. లేకపోతే ఆ దారి ఇంకొకరికి ఇచ్చేస్తారు. అందుకే కొత్త అప్పు. అందుకే బ్యాంకు. తీరా చూస్తే ఇలా నెత్తిన పిడుగు పడింది!

"నాన్నా, అమ్మని అలా నిలదీస్తారేంటి?" కూతురు ఫోను పట్టుకుని అడ్డంగా వచ్చింది. "ఎవరో అమ్మ కాగితాలు వాడుకుని మోసం చేసుంటారు. ఇలాంటివి బోలెడు జరుగుతున్నాయి. ఈ అప్పు నాది కాదని అభ్యంతరం పెడితే బ్యాంకు వాళ్లే వెతికి తీసేస్తారు. నేను పెడతాను కదా!"

"పెట్టు, పెట్టు. మీ అమ్మ నోరు విప్పితే ఇవన్నీ అక్కర్లేదు" అని ఆయన చొక్కా తగిలించుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. కట్టుకున్న మనిషి నమ్మలేదే అన్న బాధ ముందు అప్పు బాధ ఆమెకి చిన్నదైపోయింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఒక్క పైసా దాచుకుని ఎరగదే... ఆ మాట ఈ మనిషికి తెలియదా!

అలాంటప్పుడు ఆమెకి గుర్తొచ్చే మనిషి లోకంలో ఒక్కతే, అక్క. ఊహ తెలియని వయసులో తల్లి పోతే ఆ అక్కే తల్లయింది. తను చదువు మానేసి చెల్లెల్ని చదివించింది, పెళ్లి చేసింది, పురుడు పోసింది. ఏ కష్టం చెప్పినా "నేను లేనూ, నీకెందుకే బెంగ!" అనేది. ఆ మాట వింటే చాలు, సగం కష్టం తీరినట్టుండేది. ఏడుస్తూనే ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. ఫోను కట్టయిందేమోనని "అక్కా... అక్కా, ఉన్నావా?" అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"ఉన్నానే చిన్నీ..." అంది అక్క చివరికి. "ఆ వ్యాను గొడవ వదిలేయకూడదూ? ఇంకేదైనా పని చూసుకుంటే పోలా? బ్యాంకులతో మనకెందుకు చెప్పు..."

చెల్లెలి మనసు చివుక్కుమంది. ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెట్టే పని చేసి చేసి అలిసిపోయి ఉంటుందిలే, పాపం ఏదో అనేసింది అని తనే సర్దిచెప్పుకుంది.

కూతురు అభ్యంతరం పెట్టింది. ఆ జవాబు కోసం తల్లీకూతుళ్లు కళ్లల్లో వత్తులు వేసుకుని ఎదురుచూశారు. ఆయన మాత్రం భార్యతో మాటలు మానేశాడు. ఏం కావాలన్నా కూతురి మీదుగానే! "మీ అమ్మని టీ పెట్టమను", "మీ అమ్మని నా తువ్వాలు ఎక్కడ పెట్టిందో అడుగు" అంటూ, ఆమె అదే గదిలో ఎదురుగా నిలబడి ఉన్నా సరే! "నాన్నా, అమ్మకి చెవులున్నాయి" అని కూతురు విసుక్కుంటే పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఎట్టకేలకు జవాబు వచ్చింది... సంతకం సరిపోయింది, అప్పు మీదే, అభ్యంతరం తోసిపుచ్చడమైనది! కూతురు అది చదువుతుంటే ఆయన భార్య వైపు తిరిగాడు. ఒక్క చూపు చూశాడంతే. ఆ చూపు కన్నా రెండు తిట్లు తిట్టినా బాగుండును అనిపించింది ఆమెకి.

మర్నాడు పిల్లల్ని బడిలో దింపేసి ఆమె సరాసరి బ్యాంకుకి వెళ్లింది. ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి మంచిదే. చిన్న వయసు, కళ్లజోడు, ఓపికగా వింది. "మీరు చూస్తానంటే చూపిస్తానండీ" అని కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పింది. "ఇదిగో, ఇది మీరు ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన నమూనా సంతకం. ఇది ఆ అప్పు కాగితం మీద ఉన్న సంతకం. రెండూ ఒక్కటే కదండీ?"

ఒక్కటే! ఆఖరి అక్షరం కింద నుంచి వెనక్కి లాగి, మొదటి అక్షరం దాకా తీసుకొచ్చి, అక్కడ చిన్న సున్నా చుట్టిన గీత రెండింటికీ ఉంది. ఆ గీత తనది కాదు. అది అక్కది!

ఖాతా తెరిచిన రోజు ఆమె కుడిచేతికి కట్టు ఉంది. వ్యాను తలుపు పడి మణికట్టు చితికింది. వెంట వచ్చిన అక్క, "నీ సంతకం నేను పెడతాలేవే, దానికేం" అని కలం అందుకుని టకటకా పెట్టేసింది. ఎదురుగా ఉన్న గుమాస్తా కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. వాళ్ల పుట్టింట్లో అది వింతేమీ కాదు మరి! వాళ్ల నాన్నకి చదువు రాదు, నలుగురిలో వేలిముద్ర వేయాలంటే సిగ్గు. అందుకని చిన్నప్పటి నుంచీ బడి మార్కుల కాగితం మీద నాన్న సంతకం అక్కే పెట్టేది. ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడూ అక్కే, ఆసుపత్రిలోనూ అక్కే. కొందరిళ్లలో ఫ్యూజు వేయడం ఒకరి పని అయినట్టు, ఆ ఇంట్లో సంతకాలు పెట్టడం అక్క పని. ఎవరి పేరైతేనేం, పెట్టే చెయ్యి ఒక్కటే. ఆ తర్వాత చెల్లెలు బ్యాంకులో కలం పట్టిందే లేదు, కార్డు గీకి డబ్బు తీసుకోవడమేగా! ఆ నమూనా అలాగే ఉండిపోయింది.

"అమ్మా, ఈ సంతకం నాది కాదు..." అంది, తన గొంతు తనకే వినపడనట్టు.

"ఏదండీ, అప్పు కాగితం మీదదా?"

"రెండూ..."

ఆ అమ్మాయి కళ్లజోడు తీసి ఆమె మొహంలోకి చూసింది. "అయితే మీ బదులు ఎవరో పెట్టారన్న మాట. ఎవరో మీకు తెలుసా? తెలిస్తే మీ పని తేలికవుతుందండీ. పోలీసు స్టేషన్లో ఆ మనిషి పేరు పెట్టి ఫిర్యాదు రాసివ్వండి. దాని నకలు తెచ్చారంటే నేనే దగ్గరుండి ఈ అప్పు మీ పేరు మీద నుంచి తీయిస్తాను. మీ వ్యానుకి అప్పు కూడా వెంటనే వచ్చేస్తుంది."

ఎంత తేలిక! ఒక్క పేరు... ఒక్క పేరు రాసిస్తే చాలు, వ్యాను వస్తుంది, ఇల్లు నిలబడుతుంది, మొగుడి ముందు తల ఎత్తుకుని తిరగొచ్చు!

"నాకు... నాకు తెలియదమ్మా" అని లేచి వచ్చేసింది. బయట వ్యాను ఎక్కి కూర్చుందే గానీ, తాళం పెట్టే చోటు ఎక్కడో చేతికి దొరకలేదు.

అక్క ఇల్లు ఒకటే గది. ఆ పూట ఆసుపత్రిలో పని లేదేమో, ఇంట్లోనే ఉంది. కూలికి తెచ్చుకున్న బయటివాళ్ల దుప్పట్లు మంచం నిండా పోసుకుని మడతపెడుతోంది. చెల్లెలి మొహం చూసి ఒక్క క్షణం ఆగింది. "కూర్చో చిన్నీ" అని మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టింది. కూర్చోలేదు చెల్లెలు.

"సంతకం చూశానక్కా."

అక్క చేతులు ఆగలేదు. అంచుకి అంచు కలిపి, అరచేత్తో సాపు చేసి, ఇంకో మడత వేసింది. "ఎప్పటికో అప్పటికి చూస్తావని తెలుసే..." అంది.

"అంతేనా! అంతేనా నువ్వు చెప్పేది!" ఇంతసేపూ బిగబట్టుకున్నది ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. "ఆయన నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు! నా కూతురు రోజంతా ఫోనులో మొహం పెట్టుకుని ఎవరు మోసం చేశారా అని వెతుకుతోంది! నేను నీకు ఫోను చేసి ఏడిస్తే నువ్వు... నువ్వు వ్యాను మానేయమన్నావే! నా పేరు మీ ఇంట్లో చెయ్యి తుడుచుకునే గుడ్డా అక్కా, ఎవరికి అవసరమైతే వాళ్లు వాడుకోవడానికి!"

అక్క మంచం అంచున కూలబడింది. మాట్లాడుతుంటే ఆవిడ చూపు దుప్పటి మీదే ఉంది, చెల్లెలి వైపు ఎత్తలేకపోయింది. "మీ బావ రంపం మిషను కొంటానన్నాడు గుర్తుందా? నీ పేరు మీద అప్పు ఇప్పించమని మీ ఇంటికొచ్చి అడిగాడు. మీ ఆయన వద్దన్నాడు. నువ్వు తల వంచుకుని నిలబడ్డావ్. నీ కళ్లు చూసి, నువ్వైతే ఇచ్చేదానివే, మొగుడికి జడిసి ఊరుకున్నావనుకున్నా. ఎవరో ఏజెంటు కాగితాలు ఇంటికే తెచ్చాడే. నీ కాగితాలన్నీ నా బీరువాలోనే ఉన్నాయాయె... ఎప్పుడూ పెట్టేదాన్నే కదా అని పెట్టేశా. డబ్బు నేరుగా మిషను కొట్టుకే పోయింది. మీ బావ నెలనెలా కట్టేస్తానన్నాడు, కట్టాడు కూడా. ఆ తర్వాత మంచాన పడ్డాడు. మిషను అమ్మి మందులకి పెట్టాం. మనిషి దక్కలేదు, మిషనూ దక్కలేదు..."

"మరి బ్యాంకు వాళ్లు ఊరుకున్నారా? నోటీసులు రాలేదా?"

"ఇక్కడికే వచ్చేవి. చించి పొయ్యిలో వేసేదాన్ని. కొన్నాళ్లకి రావడం మానేశాయి. మానేస్తే... పోయిందనుకున్నానే మొద్దు మొహాన్ని!"

అని ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. చెల్లెలు ఆ చేతులు పట్టుకుని ఆపాలనుకుంది. పట్టుకోలేదు. పట్టుకుంటే కోపం కరిగిపోతుందేమోనని భయం! అక్క తనంతట తనే ఆగి, మొహం తుడుచుకుని లేచి చెప్పులు వేసుకుంది. "పద. స్టేషనుకి పోదాం. నేనే చేశానని చెబుతా. నీ వ్యాను పోగొట్టి నేను సుఖంగా ఉంటానా!"

"నీ ఉద్యోగం?"

అక్క వంగి చెప్పు పట్టీ సర్దుకుంది. మాట్లాడటానికేముంది! కేసు అంటే ఆసుపత్రివాళ్లు ఆ రోజే ఇంటికి పంపేస్తారు. ఇంకొన్నాళ్లు ఓపిక పడితే పింఛను వస్తుంది. పిల్లలు లేని మనిషికి ఆ పింఛనే కొడుకూ, కూతురూనూ. ఆ సంగతి చెల్లెలికి తెలుసు. అంత తెలిసీ ఆమెకి కోపం పోలేదు. చెప్పులేసుకుని నిలబడ్డ అక్కని అలాగే వదిలేసి, వచ్చేసింది.

ఇంట్లో చెప్పకుండా దాచగలిగే గుణం ఉంటే ఎంత బాగుండేదో! కూతురు "బ్యాంకులో ఏమన్నారమ్మా?" అనగానే భోరుమంది. అంతా బయటపడింది. ఆయన చేతిలో పేపరు పక్కన పడేశాడు. తర్వాత, అన్ని రోజుల్లో మొదటిసారి, నేరుగా భార్యతో మాట్లాడాడు. "నిన్ను అనుమానించాను చూడు... నా నోరు పడిపోను." అంతలోనే ఒంటికాలి మీద లేచాడు. "ఇంకా చూస్తావేంటి మరి? రేపే పోయి మీ అక్క పేరు రాసిచ్చెయ్!"

"ఆవిడ నన్ను పెంచిందండీ..."

"పెంచింది, కాదన్నానా? పెంచినందుకు నీ పేరు తాకట్టు పెట్టుకోవచ్చని ఎక్కడుంది? ఆ రోజు నేను వద్దన్నానా లేదా! వద్దంటే నన్ను లెక్కచేశారా ఆ మొగుడూ పెళ్లాం! నువ్వు రాయకపోతే నేను రాస్తా!"

"మీరు రాస్తే తీసుకోరట. ఖాతా నాది కదా" అంది ఆమె ముక్కు చీదుకుంటూ. ఆ ఏడుపులోనూ ఆయన మొహం చూస్తే కూతురికి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆపుకుని తల్లి పక్కన వచ్చి కూర్చుని మెల్లగా అంది. "అమ్మా, నాన్న అరిచే పద్ధతి బాగాలేదు గానీ, చెప్పేది నిజమే. పెద్దమ్మ చేసింది తప్పు. నువ్వు పేరు రాస్తే అబద్ధం రాసినట్టు కాదు. నా చదువు సంగతి వదిలేయ్, నీ పనే పోతోంది కదమ్మా."

కూతురూ అదే మాట! ఎవరి మాట చూసినా న్యాయంగానే ఉంది. తన మాటకే న్యాయం లేదు... కాదు కాదు, తనకసలు మాటే లేదు. పేరు రాస్తే అక్క పోతుంది, రాయకపోతే వ్యాను పోతుంది. ఎటు కదిలినా తెగేది తన పేగే! మింగలేక కక్కలేక సెలవులు దగ్గరపడే దాకా అలాగే పిల్లల్ని దింపుతూ, ఎక్కిస్తూ తిరిగింది. "వ్యానమ్మా, వచ్చే ఏడాది నేను ముందు సీట్లో కూర్చుంటా, ఎవరికీ ఇవ్వకేం!" అని ఓ పిల్ల మాట తీసుకుంది కూడా.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. స్టేషను నుంచి! "మీ అక్కగారట, పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చుని కదలడం లేదండీ. వచ్చి తీసుకెళ్లండి" అన్నాడు ఎవరో. ఖాళీ వ్యాను వేసుకుని ఆదరాబాదరాగా వెళ్లేసరికి, వరండాలో గోడ వారన బల్ల మీద, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, ఒళ్లో చిన్న సంచీ పెట్టుకుని అక్క కూర్చుని ఉంది. సంచీలో మార్చుకోవడానికి బట్టలు. తీసుకెళ్లి లోపల పెడతారనుకుంది కాబోలు!

"నేనే తప్పు చేశానని చెబుతుంటే తీసుకోరేంటే వీళ్లు!" అంది చెల్లెల్ని చూడగానే, చిన్నపిల్లలా. "పొద్దున్న నుంచీ చెబుతున్నా. నష్టపోయిన మనిషి వచ్చి రాయాలట. నువ్వు వస్తే గానీ నేను దొంగని కానట!"

బల్ల వెనక ఉన్న పోలీసాయన కూడా విసిగిపోయి ఉన్నాడు. "అంతేనమ్మా, మేమేం చేస్తాం? ఆవిడ చెప్పింది వింటే కేసు ఉంది. కానీ మీరు రాయాలి. రాస్తానంటే ఇదిగో" అని తెల్ల కాగితం, కలం ముందుకి తోశాడు.

కలం అందుకుంది. అక్క గబగబా లేచి దగ్గరికొచ్చింది. "రాసెయ్యవే. నా కోసం ఆలోచించకు. నా పేరు రాసెయ్. ఇన్నాళ్లూ నీ పేరు నేను రాసుకున్నాగా..." అంటూ తనే కాగితాన్ని సరిచేసి చెల్లెలి ముందు పెట్టింది. దుప్పట్లు సాపు చేసినట్టే అరచేత్తో సాపు చేసింది. ఆ చెయ్యి చూసింది చెల్లెలు. ఎముకలు తేలి, సబ్బునీళ్లకి చివికి, వేళ్ల సందుల్లో పగుళ్లు... ఎంత కోపం తెచ్చుకుందామన్నా ఆ చేతి మీద ఎలా వస్తుంది! ఆ చెయ్యి తన జడలు వేసింది. జ్వరమొస్తే తెల్లవార్లూ నుదుటి మీద ఉంది. తన పేరు మీద దొంగ సంతకమూ పెట్టింది. అన్నీ చేసింది ఆ ఒక్క చెయ్యే, అందులోంచి దేన్ని వేరు చేసి ఇతగాడికి అప్పగిస్తుంది?

"నేనేమీ రాయనండీ" అని కలం బల్ల మీద పెట్టేసింది. "ఈవిడకి ఒంట్లో బాగుండదు. ఏదో మాట్లాడుతుంటుంది. తీసుకెళ్తాను."

"ఏమే! నాకు పిచ్చంటావా!" అని అక్క గుంజుకుంటున్నా వినకుండా, రెక్క పట్టుకుని లాక్కొచ్చి వ్యానులో కూర్చోబెట్టింది. దారి పొడవునా పిల్లలు లేని ఆ వ్యానులో కిటికీ అద్దాల చప్పుడు ఒక్కటే వినిపించింది.

ఇక మిగిలింది ఒకటే దారి. అప్పు తనదేనని ఒప్పుకోవడం. ఒప్పుకుంటే వడ్డీ చాలావరకు వదిలేసి, మిగిలింది ఒక్కసారిగా కట్టించుకుని ఖాతా మూసేస్తామన్నారు బ్యాంకువాళ్లు. రిపోర్టులో మచ్చ మాత్రం ఇంకా కొన్నేళ్లు ఉంటుందట. కొత్త వ్యాను మాట దేవుడెరుగు! ఆ కట్టాల్సింది ఎక్కడిది? పాత వ్యాను అమ్మగా వచ్చిందే. ఆ మాట చెప్పినప్పుడు ఆయన మండిపడతాడనుకుంది. మండిపడలేదు. ఉసూరుమంటూ లేచి, మర్నాడు తనే ఎవరినో తీసుకొచ్చాడు. బేరం ఆడాడు. వ్యాను వీధి మలుపు తిరిగే దాకా గుమ్మంలో నిలబడి, "నువ్వు మారవు" అన్నాడు భార్యతో. ఆ మాటలో కోపం ఉందో, ఇంకేముందో ఆమెకి తెలియలేదు. అడగలేదు. సెలవులయ్యాక ఇంకొకరి కొత్త వ్యానులో పిల్లల్ని ఎక్కించి దింపే ఆయా పనికి కుదిరింది. స్టీరింగు పట్టిన చేతులతో తలుపు పట్టుకుని నిలబడాలి, అంతే తేడా!

డబ్బు పట్టుకుని బ్యాంకుకి వెళ్లింది. ఫిర్యాదుల బల్ల దగ్గరి అమ్మాయే కాగితాలు తీసింది. ఈ అప్పు నేనే తీసుకున్నాను, నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను అని రాసి ఉంది వాటిలో. "బాగా ఆలోచించుకున్నారా అండీ?" అని అడిగింది. ఆమె తల ఊపి సంతకం పెట్టింది. తన చేత్తో, తన సంతకం. బతుకులో మొదటిసారి ఆ బ్యాంకులో పెట్టిన తన సొంత సంతకం!

ఆ అమ్మాయి దాన్ని తెర మీది నమూనాతో పోల్చి చూసింది. మళ్లీ చూసింది. "ఇది... ఇది సరిపోవడం లేదండీ. దీన్ని తీసుకోరు. దొంగ సంతకం కిందికి వస్తుంది."

"నా సంతకమేనమ్మా! నీ కళ్ల ముందే పెట్టానుగా!"

"నిజమేనండీ, నేను చూశాను. కానీ నమూనాలో ఉన్నట్టుంటేనే తీసుకుంటారు."

"పోనీ నమూనా మార్చండి."

"మార్చాలన్నా ముందు పాత సంతకం పెట్టాలండీ..." అని ఆ పిల్ల తల దించుకుంది. ఇదెక్కడి విడ్డూరమమ్మా! చెయ్యని అప్పుని నాది కాదంటే వినలేదు, సరే నాదేనంటే నమ్మడం లేదు! ఏడవాలో నవ్వాలో తెలియక ఆ కుర్చీలో బిక్కమొహం వేసుకుని కూర్చుండిపోయింది.

అక్కడి నుంచి బస్సు పట్టుకుని నేరుగా అక్క ఇంటికి వెళ్లింది. స్టేషను రోజు తర్వాత మళ్లీ ఆ గుమ్మం తొక్కింది అప్పుడే. వ్యాను అమ్మేసిందని విని అక్క గోడకి తల ఆనించి, "నన్ను లోపల పెట్టించినా ఇంత బాధ ఉండేది కాదే... ఎందుకు చేశావ్ ఈ పని! నీ కాళ్లు పట్టుకుంటా..." అని వంగబోయింది. చెల్లెలు చటుక్కున వెనక్కి జరిగింది.

"కాళ్లు పట్టుకోవద్దక్కా. నాకు నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు" అంది కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండానే. సంచీలోంచి కాగితాల బొత్తి, కలం తీసి మంచం మీద, మడతపెట్టిన దుప్పట్ల పక్కన పెట్టింది. "నా సంతకం ఎలా పెట్టాలో నేర్పు."

అక్కకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీది కలం అందుకుంది. ఒకసారి పెట్టి చూపించింది. చెల్లెలు చూసి పెట్టింది. కుదరలేదు. మళ్లీ పెట్టింది, గీత అడ్డం తిరిగింది. "అలా కాదే... ఆఖరి అక్షరం దగ్గర కలం ఎత్తకు" అంటూ అక్క ఆమె వెనక్కి వచ్చి, ఆమె చేతి మీద తన చెయ్యి వేసి, గీత కింద నుంచి వెనక్కి లాగించింది. అక్క కన్నీళ్లు చెల్లెలి భుజం మీద పడుతున్నాయి. చెల్లెలివి కాగితం మీద పడి సిరా అలుక్కుపోతోంది. ఆ కాగితం పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది. గీత వచ్చింది, సున్నా రాలేదు. సున్నా వచ్చింది, గీత వంకర పోయింది. కాగితాలన్నీ అయిపోవచ్చేసరికి ఎవరిది ఏదో ఇద్దరికీ తెలియకుండా పోయింది.

మర్నాడు అక్క కూడా వస్తానంది. లోపలికి రావడానికి మొహం చెల్లక బ్యాంకు మెట్ల దగ్గరే ఆగిపోయింది. లోపల ఆ అమ్మాయి కాగితం ముందు పెట్టింది. వ్యానమ్మ కలం ఎత్తకుండా, ఆఖరి అక్షరం కింద నుంచి వెనక్కి లాగి, మొదటి అక్షరం దాకా తెచ్చి సున్నా చుట్టింది. అమ్మాయి చూసింది. నమూనాని చూసింది, ఆమె మొహం చూసింది. ఏదో అడగబోయి ఊరుకుని, "సరిపోయిందండీ. ఇది మీ సంతకమే" అని ముద్ర వేసింది.

"అవునమ్మా, నాదే" అంది వ్యానమ్మ.

బయటికి వచ్చేసరికి అక్క మెట్ల మీద నుంచి గాభరాగా లేచి నిలబడింది. "సరిపోయిందా?" అని అడిగింది.

"సరిపోయిందక్కా" అంది. ఆ మాట అంటూనే అక్కని లాక్కుని ఆ మెట్ల మీదే కూర్చుని, జనం చూస్తున్నారన్న ధ్యాసైనా లేకుండా, అక్క ఒళ్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.